కార్లు ఆపితే గాలి నిజంగా బాగుపడిందా? పర్యాటక ప్రాంతాల్లో కొలత, కారు రహిత ప్రయాణం కలిపి నడిపే విధానం

జలపాతానికో, కోటకో, కొండ మీది ఊరికో సెలవు రోజుల్లో సొంత కార్లు రానివ్వకుండా కింద పార్కింగ్ పెట్టి పైకి బస్సులు నడిపే పథకాలు చాలానే మొదలవుతాయి. వాటిలో కొన్ని రెండో ఏడాదికే ఆగిపోతాయి. "ఇంత ఇబ్బంది పెట్టారు, గాలిలో తేడా ఏది?" అని ఎవరో అడుగుతారు. చేతిలో లెక్క ఉండదు. ఉన్నా అది తప్పు కాలుష్య కారకం మీద, తప్పు చోట తీసిన లెక్క అయి ఉంటుంది. అందుకే ఈ పనిలో కొలత, రవాణా రెండూ ఒకే చేతి మీదుగా నడవాలి. గేటు దగ్గర గాలి శుభ్రపడినంత మాత్రాన సరిపోదు. పర్యాటకుడు ఇంటి నుంచి బయల్దేరి తిరిగి ఇల్లు చేరేదాకా ఎంత పొగ వదిలాడన్నది అసలు లెక్క.

ముందు ఏం కొలవాలో తేల్చుకోండి

అందరి నోటా వినిపించేది పీఎం 2.5. ఈ పనికి మాత్రం అది బలహీనమైన కొలబద్ద. ఆ సన్నని ధూళి గాలిలో రోజుల తరబడి ఉంటుంది, వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పొలాల్లో తగలబెట్టిన గడ్డి, ఇటుక బట్టీలు, థర్మల్ కేంద్రాలు, దూరాన ఉన్న నగరం, అన్నీ కలిసి మీ గేటు దగ్గరి రీడింగ్‌లో కనిపిస్తాయి. అందులో స్థానిక కార్ల వాటా చిన్నది. కార్లన్నీ ఆపేసినా ఆ రోజు గాలి ఎటు నుంచి వీచిందన్నదే అంకెను నిర్ణయిస్తుంది.

నైట్రోజన్ డయాక్సైడ్ అలా కాదు. వాహనాల పొగతో దీనికి నేరుగా సంబంధం ఉంది, గాలిలో గంటల వ్యవధిలోనే రూపం మారిపోతుంది, రోడ్డు నుంచి 150, 200 మీటర్లు దాటేసరికి చుట్టుపక్కల స్థాయికి దగ్గరపడుతుంది. కాబట్టి ట్రాఫిక్‌లో మార్పు దీనిలో తేటగా కనిపిస్తుంది. డబ్బు ఉంటే బ్లాక్ కార్బన్ (పొగలోని నల్లటి మసి) కూడా కొలవండి, డీజిల్ వాహనాలు ఎక్కువుంటే అది ఇంకా మంచి సూచిక. దారి మట్టిదైతే కాస్త పెద్ద కణాలను కూడా కలిపి లెక్కించే పీఎం 10 తప్పనిసరి. మహారాష్ట్రలోని కొండ ఊరు మాథేరాన్‌లో పర్యాటకుల కార్లు ఊరి బయట దస్తూరి దగ్గరే ఆగిపోతాయి, కానీ లోపలి దారులు చాలావరకు ఎర్రమట్టివి, వాటి మీద గుర్రాలు తిరుగుతాయి. ఇంజన్ లేనంత మాత్రాన దుమ్ము లేదని కాదు. విద్యుత్ బస్సుల టైర్లు, బ్రేకుల నుంచి కూడా ధూళి వస్తూనే ఉంటుంది.

ఓజోన్ (నేల దగ్గర ఇదీ కాలుష్య వాయువే) సంగతి ముందే చెప్పి పెట్టుకోవాలి. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ రోడ్డు పక్కన ఓజోన్‌ను తినేస్తుంది. కార్లు తగ్గితే ఆ తినడం తగ్గి, రోడ్డు పక్కన ఓజోన్ కొద్దిగా పెరగొచ్చు. ఇది పథకం విఫలమైందనడానికి గుర్తు కాదు. అయితే ముందుగా చెప్పకపోతే, పథకం నచ్చనివారికి అదే ఆయుధమవుతుంది.

పోల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన విలువలు దగ్గర ఉంచుకోండి. ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల్లో, నైట్రోజన్ డయాక్సైడ్‌కు వార్షిక సగటు 10, రోజువారీ 25. పీఎం 2.5కి వార్షికం 5, రోజువారీ 15. పీఎం 10కి 15, 45. చాలా దేశాల చట్టబద్ధ పరిమితులు వీటికంటే బాగా సడలింపుగా ఉంటాయి. రెండు వరుసలూ పక్కపక్కన చూపించండి, ఒకటి దాచకండి.

నాలుగు చోట్ల, తక్కువ కాకుండా

మొదటిది కార్లు ఆపబోయే రోడ్డు పక్కన. రెండోది బ్యాక్‌గ్రౌండ్ స్థలం, అంటే ఆ రోడ్డు ప్రభావం లేని గాలిని పోలిక కోసం కొలిచే చోటు. ఏ పెద్ద రోడ్డుకూ, జనరేటర్‌కూ, హోటల్ పొయ్యికీ దగ్గర లేకుండా, అదే లోయలో, దాదాపు అదే ఎత్తులో ఉండాలి. మూడోది కింద కట్టబోయే పార్కింగ్ దగ్గర. నాలుగోది, చాలామంది మరిచిపోయేది, కార్లు చొరబడే అవకాశమున్న పక్క ఊరి వీధి. గేటు మూసిన రోజున కార్లు మాయం కావు, ఎక్కడో ఒకచోట నిలబడతాయి. ఆ చోటు మీ మ్యాప్ మీద లేకపోతే, ఒక వీధి కాలుష్యాన్ని ఇంకో వీధికి నెట్టి విజయం అని రాసుకున్నట్టే.

గాలి పీల్చే భాగం నేల నుంచి 1.5 నుంచి 4 మీటర్ల మధ్య ఉండాలి. రోడ్డు పక్క స్థలంలో రోడ్డు అంచుకు 10 మీటర్ల లోపు, పెద్ద కూడలి నుంచి కనీసం 25 మీటర్ల దూరం. గోడకు అంటించేయకుండా అర మీటరైనా ఎడం ఉంచాలి. చెట్టు కొమ్మల కింద, చూరు కింద, ఏసీ ఔట్‌లెట్ పక్కన, మొక్కజొన్న కాల్చే బండి వెనక పెట్టకూడదు. ఈ చివరిది నవ్వులాటగా అనిపించొచ్చు. కానీ పర్యాటక స్థలాల్లో సాయంత్రం 4 తర్వాత పీఎం రీడింగ్ ఎగిరిందంటే ముందు బండ్ల వైపు చూడాలి, కార్ల వైపు కాదు.

లోయల్లో ఇంకో చిక్కు ఉంది. చలికాలం రాత్రి చల్లని గాలి కిందికి జారి లోయ అడుగున నిలిచిపోతుంది, పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఎండ బాగా ఎక్కాకే ఆ మూత తెరుచుకుంటుంది. ఉదయం 8 గంటలకు వంద కార్లు వదిలే పొగ, మధ్యాహ్నం 2 గంటలకు అదే వంద కార్లు వదిలే పొగ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాఢతతో ముక్కుకు తగులుతుంది. కార్లు ఆపే వేళలు నిర్ణయించేటప్పుడు దీన్ని చూసుకోవాలి. మధ్యాహ్నం ఆపి పొద్దున్నే వదిలేస్తే, అసలు చెడు గాలి ఉన్న గంటల్ని వదిలేసినట్టే.

ట్యూబులు: చవక, నమ్మకం, ఓపిక

నైట్రోజన్ డయాక్సైడ్‌కు అతి తక్కువ ఖర్చుతో పనికొచ్చేది పామ్స్ డిఫ్యూజన్ ట్యూబు. సుమారు 7 సెంటీమీటర్ల అక్రిలిక్ గొట్టం, ఒక చివర మూతలో ఆ వాయువును పట్టుకునే ట్రైఇథనోలమైన్ రసాయనం పూసిన స్టీలు జాలీ. రెండో చివర మూత తీసి, తెరిచిన వైపు కిందికి ఉండేలా స్తంభానికి బిగిస్తారు. రెండు నుంచి నాలుగు వారాలు ఉంచి, మూత పెట్టి ప్రయోగశాలకు పంపితే ఆ వ్యవధి సగటు వస్తుంది. విద్యుత్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

ప్రతి స్థలంలో మూడేసి ట్యూబులు పెట్టండి. మూడింటి ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా రావాలి. సగటుతో పోలిస్తే వాటి ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత చెదిరాయన్న కొలత) 20 శాతం దాటితే ఆ నెల ఫలితాన్ని పక్కన పెట్టాలి. వాడకముందూ వాడాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఒక ట్యూబును మూత తీయకుండా మిగతావాటితో పాటే తిప్పి ప్రయోగశాలకు పంపాలి. దానిలోనూ నైట్రైట్ (పట్టుబడిన నైట్రోజన్ డయాక్సైడ్ ట్యూబులో మారే రూపం) కనిపిస్తే రవాణాలోనో నిల్వలోనో తేడా జరిగినట్టు. పెట్టిన సమయం, తీసిన సమయం నిమిషాలతో సహా అక్కడికక్కడే రాయాలి. రూముకి వచ్చాక గుర్తుచేసుకుని రాసిన సమయాలు పనికిరావు.

గాలి జోరుగా వీచే శిఖరం మీద ట్యూబు ఎక్కువ చూపిస్తుంది. లోపలికి సుడులు దూరి, వాయువు ప్రయాణించాల్సిన దూరం తగ్గిపోతుంది మరి. అలాంటి చోట నోటికి పొర ఉన్న రకం వాడాలి, లేదా చాటు వెతకాలి. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కో ట్యూబులో 25 శాతం దాకా అనిశ్చితి ఉంటుంది. దాన్ని తగ్గించే దారి ఒక్కటే. దగ్గర్లో ప్రామాణిక పరికరాలతో గాలిని కొలిచే ప్రభుత్వ రిఫరెన్స్ స్టేషన్ ఉంటే అక్కడ కూడా మూడు ట్యూబులు అదే కాలంలో పెట్టి, స్టేషన్ విలువను ట్యూబు విలువతో భాగించి వచ్చిన గుణకాన్ని మిగతావాటికి వర్తింపజేయాలి.

నెల సగటులో వారాంతం కనిపించదు కదా అంటారు. నిజమే. రెండు జతలు పెట్టుకోవచ్చు. ఒక జత కార్లు ఆపిన వారాంతాల్లో మాత్రమే తెరిచి ఉంచాలి, రెండోది కార్లు నడిచిన వారాంతాల్లో మాత్రమే. నాలుగు వారాంతాలు కలిపితే ఒక్కో జతకు 192 గంటలు వస్తుంది. శుభ్రమైన చోట ఇది కొంచెం తక్కువే. కాస్తోకూస్తో రద్దీ ఉన్న రోడ్డు పక్కన సరిపోతుంది. మూతలు బిగుతుగా ఉండాలి, పక్కనే ఎప్పుడూ తెరవని ఖాళీ ట్యూబు ఒకటి ఉండాలి.

సెన్సర్ పెట్టెలు: గంటగంటకూ కావాలంటే

ధూళికి ప్లాంటవర్ పీఎంఎస్ 5003, సెన్సిరియన్ ఎస్‌పీఎస్ 30, నోవా ఎస్‌డీఎస్ 011 లాంటి లేజర్ సెన్సర్లు విరివిగా దొరుకుతాయి. ఇవి ధూళిని తూచవు. లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి అంచనా వేస్తాయి. తేమ 70 శాతం దాటాక ధూళి కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి, రీడింగ్ ఎగబాకుతుంది. పొగమంచు ఉన్న ఉదయం 300 చూపించినా కంగారు పడక్కర్లేదు, నీటి బిందువుల్ని లెక్కపెడుతోందంతే. ఇవే సెన్సర్లు చూపించే పీఎం 10ను నమ్మకండి. పెద్ద కణాలను ఇవి సరిగా పట్టుకోలేవు, చిన్నవాటి నుంచి ఊహించి అంకె ఇస్తాయి. మట్టిదారి దుమ్ము కోసం ఫిల్టరు మీద పట్టి తూచే పరికరం కావాలి.

ప్రతి పెట్టెలో రెండు ధూళి సెన్సర్లు పెట్టండి. రెండింటి గంట సగటు తేడా 5 మైక్రోగ్రాములకూ, సగటులో 30 శాతానికీ రెండింటికీ మించితే ఆ గంటను తీసేయండి. అది పదే పదే జరిగితే పెట్టె తెరిచి చూడాలి. ఎక్కువసార్లు లోపల సాలీడు కనిపిస్తుంది. నోటికి సన్నని స్టీలు జాలీ బిగించండి, మరీ సన్నదైతే అదే దుమ్ముతో మూసుకుపోతుంది. పెట్టె తెల్లగా ఉండాలి, నోరు కిందికి చూడాలి, మధ్యాహ్నం ఎండ నేరుగా పడకూడదు. ఫ్యాను మొదలయ్యాక మొదటి 30 సెకన్ల రీడింగులు పారేయండి. ఎస్‌డీఎస్ 011 లేజర్ ఆయుష్షు సుమారు 8,000 గంటలు, అంటే ఆపకుండా నడిపితే ఏడాది లోపే. అందుకే దాన్ని ప్రతి 5 నిమిషాలకు ఒక నిమిషం మాత్రమే నడిపేలా సెట్ చేస్తారు.

సెన్సర్లను సైట్‌కు తీసుకెళ్లే ముందు రెండు వారాలు రిఫరెన్స్ స్టేషన్ పక్కన నిలబెట్టి పోల్చండి, సీజన్ అయ్యాక మరో వారం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2021లో పీఎం 2.5 సెన్సర్లకు పెట్టిన లక్ష్యాలు వాడుకోవచ్చు. సెన్సర్, స్టేషన్ రోజువారీ సగటులను గ్రాఫు మీద పోల్చి గీసిన సరళరేఖకు ఆర్-స్క్వేర్ (రెండూ ఎంత కలిసి నడుస్తున్నాయన్న కొలత) 0.70 లేదా పైన, స్లోప్ (రేఖ వాలు) 1కి అటూ ఇటూ 0.35 లోపు, ఇంటర్‌సెప్ట్ (స్టేషన్ సున్నా చూపినప్పుడు రేఖ ఇచ్చే విలువ) మైనస్ 5 నుంచి ప్లస్ 5 మధ్య. అదే సంస్థ పర్పుల్ ఎయిర్ అనే బ్రాండు చవక సెన్సర్ పెట్టెలకు వాడిన దిద్దుబాటు సూత్రం చూస్తే తేమ ఎంత ముఖ్యమో అర్థమవుతుంది: 0.524 × రీడింగ్ − 0.0862 × తేమ శాతం + 5.75. రీడింగ్ 80, తేమ 70 శాతం అనుకుంటే 41.9 − 6.0 + 5.75, అంటే దాదాపు 42. చూపించింది 80, అసలుది 42! అలాగని ఈ గుణకాలను తెచ్చి మీ ఊళ్లో అతికించకండి. అవి అక్కడి ధూళి స్వభావానికి కట్టినవి. మీ ధూళికి మీ రిఫరెన్స్ స్టేషన్ పక్కనే మీ గుణకాలు కట్టుకోవాలి.

నైట్రోజన్ డయాక్సైడ్ ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు ఇంకా పెంకివి. ఓజోన్‌ను కూడా నైట్రోజన్ డయాక్సైడ్ అనుకుంటాయి. ఓజోన్‌ను ఆపే ఫిల్టరున్నవి కూడా నెలలు గడిచేకొద్దీ బలం తగ్గుతాయి. ఉష్ణోగ్రత, తేమ ఒక్కసారిగా మారితే గంటసేపు పిచ్చి అంకెలిస్తాయి. వీటిని ఎప్పుడూ ట్యూబులతో కలిపే వాడండి. నెల మొత్తానికి సెన్సర్ సగటు ట్యూబు సగటుకు సరిపోవాలి.

యూనిట్ల దగ్గర చాలా ప్రాజెక్టులు తప్పటడుగు వేస్తాయి. సెన్సర్లు పీపీబీలో (వంద కోట్ల భాగాల గాలిలో ఎన్ని భాగాలన్న లెక్క) ఇస్తాయి, ప్రమాణాలు ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. నైట్రోజన్ డయాక్సైడ్‌కు 25 డిగ్రీల దగ్గర 1 పీపీబీ అంటే 1.88 మైక్రోగ్రాములు, 20 డిగ్రీల దగ్గర 1.91. ఏది వాడారో రాసి పెట్టండి. ఇక గడియారం: ఒక పెట్టె స్థానిక సమయంలో, ఇంకోటి అంతర్జాతీయ సమయంలో రికార్డు చేస్తే ఉదయం రద్దీ రాత్రి కనిపిస్తుంది. గంటలో 75 శాతం రీడింగులు లేకపోతే ఆ గంట సగటు లెక్కలోకి రాదు. ముడి డేటాను ఎప్పుడూ చెరపకండి, దిద్దిన కాపీ వేరే ఉంచండి.

బస్సులు ఎన్ని? తిరుగు ప్రయాణాన్ని బట్టి

గాలితో పాటు వాహనాలూ లెక్కపెట్టాలి. కనీసం ఒక సీజన్, వీలైతే ఏడాది, ఏమీ మార్చకముందే. 15 నిమిషాల గడులున్న కాగితం మీద కార్లు, బైకులు, మినీ బస్సులు, బస్సులు, లారీలు విడివిడిగా. అందులో ఎంతమంది ఉన్నారన్నది కూడా. ప్రతి పదో కారును ఆపి రెండు ప్రశ్నలు అడగండి: ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్ని గంటలుంటారు. ఈ రెండో ప్రశ్న బస్సుల సంఖ్యను తేలుస్తుంది, మొదటిది పథకం అసలు విలువను తేలుస్తుంది.

లెక్క ఒకటి చేసి చూద్దాం. రద్దీ రోజున 600 కార్లు, కారుకు ముగ్గురు, అంటే 1,800 మంది. ఉదయం అతి రద్దీ గంటలో నాలుగో వంతు, 450 మంది ఎక్కుతారు. బస్సులో 45 సీట్లున్నా 36 మందికే ప్రణాళిక వేయండి, పిల్లల బళ్లు, సామాను, విడిపోని కుటుంబాల వల్ల చివరి సీట్లు నిండవు. 450ని 36తో భాగిస్తే 12.5, అంటే గంటకు 13 ట్రిప్పులు. కింది నుంచి పైకి 6 కిలోమీటర్లు, ఎక్కడం దిగడంతో సహా బస్సు ఒక చుట్టు 40 నిమిషాలు తీసుకుంటే, 13 × 40 ÷ 60 = 8.7. తొమ్మిది బస్సులు. దీంతో ఆపేస్తే సాయంత్రం గోల మొదలవుతుంది. వచ్చేటప్పుడు జనం విడతలుగా వస్తారు, వెళ్లేటప్పుడు ఒక్కసారిగా వెళ్తారు. మూసే ముందు చివరి గంటలో 35 శాతం మంది దిగుతారనుకుంటే 630 మంది, 18 ట్రిప్పులు, 12 బస్సులు. దానికి తోడు చెడిపోతే వాడే బస్సు ఒకటి. వాన రావడంతోనే జనం ఒకేసారి కిందికి పరిగెత్తే చోట 35 కూడా తక్కువే.

సాయంత్రం గంటసేపు క్యూలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడిన కుటుంబం మళ్లీ రాదు, వచ్చినా కారుకు మినహాయింపు పాసు ఎవరిస్తారో వెతుక్కుంటుంది. బస్సులు తక్కువైతే ఆ రోజు టికెట్లు తగ్గించండి, క్యూ పెంచకండి.

ఇప్పుడు ఇంకో లెక్క, ఎక్కువమంది వేయనిది. ఆ 600 కార్లు రానూపోనూ 12 కిలోమీటర్ల చొప్పున 7,200 కిలోమీటర్లు తిరిగేవి. బస్సులు రోజుకు 70 చుట్లు వేస్తే 840 కిలోమీటర్లు. బాగుందనిపిస్తుంది. ఐరోపా ఉద్గార ప్రమాణం యూరో 6 కింద పెట్రోల్ కారుకు నైట్రోజన్ ఆక్సైడ్ల (నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ కలిపి) పరిమితి కిలోమీటరుకు 0.06 గ్రాములు. కార్లన్నీ అలాంటివే అయి, పరిమితిలోనే నడిస్తే రోజు మొత్తం 432 గ్రాములు. సగం పాత డీజిల్ కార్లు, ఒక్కొక్కటి కిలోమీటరుకు 0.8 గ్రాములు అనుకుంటే 3,096 గ్రాములు. చవకగా దొరికిందని కిలోమీటరుకు 8 గ్రాములు వదిలే పాత డీజిల్ బస్సులు తెస్తే 840 కిలోమీటర్లకు 6,720 గ్రాములు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు! కార్లు 600 ఆపి, గాలిని రెండింతల పైన పాడుచేశాం. అదే కిలోమీటరుకు అర గ్రాము వదిలే కొత్త తరం డీజిల్ బస్సయితే 420 గ్రాములు, విద్యుత్ బస్సయితే పొగ గొట్టమే లేదు. టెండరులో బస్సు ఉద్గార శ్రేణి తప్పనిసరి నిబంధనగా ఉండాలి, ఒక నిమిషం దాటి ఆగితే ఇంజన్ ఆపాలన్న షరతుతో సహా. పార్కింగ్ దగ్గర పెట్టిన మూడో కొలత స్థలం పనికొచ్చేది ఇక్కడే. ఇంజన్ ఆపని బస్సుల వరుస ఆ ట్యూబులో దాగదు.

విద్యుత్ బస్సులు కొండ దిగేటప్పుడు కొంత ఛార్జింగ్ తిరిగి సంపాదిస్తాయి, కానీ పైన వంద శాతం ఛార్జ్ చేసి కిందికి పంపితే ఆ శక్తి పట్టే చోటు బ్యాటరీలో ఉండదు. ఛార్జర్ కింద పెట్టండి.

జనం కారు ఎందుకు తెస్తారు, ఎలా మానతారు

సామాను, పిల్లలు, చివరి బస్సు తప్పిపోతుందన్న భయం, నలుగురికి బస్సు టికెట్లు కారు పార్కింగ్ కంటే ఎక్కువవడం. దాదాపు అన్ని అభ్యంతరాలూ ఈ నాలుగింటిలోనే ఉంటాయి. ఒక్కోదానికి జవాబు ముందే సిద్ధంగా ఉండాలి. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో ఊరి బయట 5 కిలోమీటర్ల దూరాన టేష్ దగ్గరే కార్లు ఆగుతాయి. అక్కడి నుంచి షటిల్ రైలు 12 నిమిషాలు, సుమారు ప్రతి 20 నిమిషాలకు ఒకటి. సామాను బండిని పార్కింగ్ నుంచి రైల్లోకే తోసుకెళ్లొచ్చు. కారు వద్దని చెప్పిన ప్రతి చోటా సూట్‌కేసు సంగతి కూడా చెప్పాలన్నది అక్కడ నేర్చుకోవలసిన సంగతి.

వేళలు పెట్టి ఆపడం ఇంకో పద్ధతి. ఇటలీ డోలమైట్స్‌లోని సెయిజర్ ఆల్మ్ పీఠభూమికి ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా సొంత కార్లు రానివ్వరు, 2003లో మొదలైన కేబుల్ కారు, బస్సులు ఉన్నాయి. ఇలాంటి నియమం ఎక్కడ పెట్టినా గేటు మూసే ముందు గంటలో కార్ల వరద చూసుకోవాలి. మీ 15 నిమిషాల గడుల కాగితంలో అది వెంటనే తేలుతుంది. లోయలో పొద్దున మూత పడి ఉండే చోటయితే మరీ ప్రమాదం.

ఖర్చు ఎవరు భరించాలి? జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో కోనస్ కార్డు పద్ధతి సులువుగా అర్థమవుతుంది. అతిథి బస చేసిన ప్రతి రాత్రికి కట్టే పర్యాటక రుసుములోంచి చిన్న భాగం రవాణా సంస్థలకు వెళ్తుంది, అతిథికి ఆ ప్రాంతపు రైళ్లు, బస్సులు ఉచితం. ఆస్ట్రియాలోని వెర్ఫెన్‌వెంగ్‌లో రైల్లో వచ్చినవారికీ, కారు తాళాలు అప్పగించినవారికీ స్థానిక రవాణా, విద్యుత్ వాహనాలు ఇస్తారు. ఆ ఊరు 2006లో ఏర్పడిన ఆల్పైన్ పెరల్స్ బృందంలో ఒకటి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారే ఎక్కువున్న చోట బస రుసుము పద్ధతి సరిపోదు. అక్కడ పార్కింగ్ ధరే మీట. గేటుకు ఎంత దగ్గరైతే అంత ఎక్కువ, కింది పార్కింగ్‌లో కారు పెట్టి నలుగురూ బస్సెక్కినా దానికంటే తక్కువ కావాలి. చివరి బస్సు ముగ్గురే ఉన్నా నడుస్తుందని బోర్డు మీద రాసి, నిజంగానే నడపాలి.

స్థానికులు, అంబులెన్సు, నడవలేనివారు, సరుకు బండ్లకు మినహాయింపు ముందే రాసి ఉంచండి. సరుకు బండ్లకు తెల్లవారుజామున వేళ ఇస్తే బాగానే ఉంటుంది, కానీ లోయ చల్లగాలి సంగతి గుర్తుంచుకుని వీలైతే ఉదయం 10 తర్వాతకు జరపండి. పాసులు వాహనం నంబరు మీద, ఏడాదికోసారి రద్దయ్యేలా. శాశ్వత పాసు ఇస్తే ఊళ్లో లేనివారి దగ్గర కూడా కనిపిస్తుంది.

ఫలితం తేల్చడం

నిరుటికీ ఈ ఏటికీ పోల్చడం తేలిక, నమ్మడం కష్టం. వానలు, గాలి మారిపోతాయి. మేలైన పద్ధతి ఒక వారాంతం ఆపి, మరుసటి వారాంతం వదలడం. ఇలా నాలుగేసి జతలు. ఎప్పుడు ఆపాలన్నది వాతావరణం చూసి కాక ముందే క్యాలెండరులో రాసేయాలి. పండగలు ఒకవైపే పడకుండా చూడండి.

ఆపైన రోడ్డు విలువను కాదు, రోడ్డు విలువలోంచి బ్యాక్‌గ్రౌండ్ తీసేయగా మిగిలినదాన్ని పోల్చండి. ఒక ఉదాహరణ. కార్లు నడిచిన వారాంతం నైట్రోజన్ డయాక్సైడ్ రోడ్డు పక్కన 42 మైక్రోగ్రాములు, బ్యాక్‌గ్రౌండ్ 18, తేడా 24. ఆపిన వారాంతం గాలి ఆడలేదు, బ్యాక్‌గ్రౌండే 22 ఉంది, రోడ్డు పక్కన 34, తేడా 12. పైపైన చూస్తే 42 నుంచి 34కు, 19 శాతం తగ్గుదల. నిజానికి ఆ రోడ్డు కలిపే కాలుష్యం సగానికి తగ్గింది. గాలి ఆడని రోజులు ఈ తేడాను కూడా కొంత పెంచుతాయి కాబట్టి గాలి వేగాన్ని బట్టి రోజుల్ని విడగొట్టి చూడండి. గణాంకాలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలోని ఓపెన్‌ఎయిర్ ప్యాకేజీ ఈ పనికి ఉచితంగా దొరుకుతుంది. గాలి దిక్కు, వేగాన్ని బట్టి గాఢత చూపించే దాని పోలార్ బొమ్మ ఒక్కటి చాలు, హోటల్ జనరేటర్ ఎటు ఉందో కూడా చెప్పేస్తుంది.

కార్లు సగానికి తగ్గితే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా సరిగ్గా సగం కావాలని ఆశపడకండి. పొగలోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్‌లో ఎంత డయాక్సైడ్ అవుతుందన్నది అందుబాటులో ఉన్న ఓజోన్ మీద ఆధారపడుతుంది, అందుకే తగ్గుదల కాస్త తక్కువగా కనిపిస్తుంది.

ఇక మొదటి ప్రశ్న, ఎక్కడి నుంచి వచ్చారు. సగటు పర్యాటకుడు 150 కిలోమీటర్ల దూరం నుంచి వస్తే రానూపోనూ 300. మీరు తగ్గించింది చివరి 12. నాలుగు శాతం. కొండ మీద గాలి బాగుపడుతుంది, ప్రాంతం గాలికి ఇది దాదాపు లెక్కలోకి రాదు. ప్రాంతానికి తేడా రావాలంటే రెండో దశ కావాలి. పెద్ద నగరాల నుంచి నేరుగా బస్సు, లేదా రైలు దిగినచోటే కాచుకుని ఉండే షటిల్, రైలు ఆలస్యమైతే ఆగే షటిల్, హోటల్ బుకింగ్ ఖరారు సందేశంలోనే టికెట్. ఏ వాహనంలో వెళ్లాలన్నది జనం ఇంట్లోనే నిర్ణయించుకుంటారు, మీ పార్కింగ్ బోర్డు దగ్గర కాదు. సర్వేలో ఏ నగరం పేరు ఎక్కువగా వచ్చిందో ఆ ఒక్క దారితో మొదలుపెట్టండి. ఆ బస్సెక్కినవారిలో కారు మానుకుని వచ్చినవారెందరు, ముందు నుంచీ బస్సులోనే వచ్చేవారెందరు అన్నది టికెట్టు మీదే అడిగి రాసుకోండి. తగ్గిన కిలోమీటర్ల లెక్కలో మొదటివారినే కలపాలి.

సీజన్ ముగిశాక పెట్టెలు దించి మళ్లీ రిఫరెన్స్ స్టేషన్ పక్కన వారం నిలబెట్టడం వాయిదా వేయకండి. గుణకాలు 10 శాతానికి మించి మారి ఉంటే, సీజన్ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఆ మార్పును సమంగా పంచి డేటాను దిద్దిన తర్వాతే అంకెలు బయటపెట్టండి. ముందే ప్రకటించేసి ఉంటే, దిద్దిన అంకె పక్కనే పాతదీ ఉంచండి.